పది రోజుల వైద్యం: పల్లెకి మిగిలేదేమిటి?

ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. చర్చి ముందు షామియానా వేశారు. అమెరికాలోని ఒక చర్చి సంఘం నుంచి పది పన్నెండు మంది వచ్చారు. వాళ్ళలో డాక్టర్లు ఇద్దరే, నర్సులు ముగ్గురు. మిగిలినవాళ్ళు టీచర్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు. పొద్దున్నే లైను కట్టిన జనం సాయంత్రానికి తలా ఒక బిళ్ళల పొట్లంతో ఇళ్ళకు పోయారు. ఒక ముసలమ్మ తన పొట్లం మా చేతిలో పెట్టి, ‘ఇవి దేనికి నాయనా?’ అంది. అవి బీపీ బిళ్ళలు. పది రోజులకు సరిపడా ఉన్నాయి. ‘అయిపోతే ఎవురి దగ్గరికి పోవాల?’ అని మళ్ళీ అడిగింది. మా దగ్గర జవాబు లేదు. షామియానా విప్పుతున్నవాళ్ళ దగ్గరా లేదు.

ఆ ముసలమ్మ ప్రశ్న నుంచే ఈ వ్యాసం మొదలవుతుంది. దళిత వాడల్లోకి ఇట్లా వచ్చిపోయే స్వల్పకాలిక మిషన్ యాత్రలను భక్తితో మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. మతమార్పిడి కుట్ర అని తిట్టేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరూ వాడవాళ్ళను అడగరు. మేము వాడవైపు నిలబడి ఈ యాత్రను పరిశీలించదలచుకున్నాం.

ముందు ఇది ఎట్లా నడుస్తుందో చూద్దాం. అక్కడి సంఘంలో విరాళాలు పోగుచేస్తారు. ఎవరి టికెట్టు డబ్బు వాళ్ళు బంధువులను, స్నేహితులను అడిగి సమకూర్చుకుంటారు. మందులు కొన్ని పెట్టెల్లో తెస్తారు, కొన్ని ఇక్కడ కొంటారు. ఏ ఊళ్ళకు పోవాలో, దుబాసీలు ఎవరో, భోజనాలు ఎక్కడో ఇక్కడి పాస్టరు గానీ ఒక సంస్థ గానీ చూసుకుంటుంది. పగలు క్యాంపు, రాత్రి మీటింగు. ఊరికొక రోజు. తిరిగి వెళ్ళినవాళ్ళు తమ సంఘంలో ఫోటోలు చూపించి సాక్ష్యం చెబుతారు. మరుసటి యాత్రకు విరాళాలు ఆ ఫోటోల మీదే వస్తాయి. అంటే యాత్ర తేదీలను నిర్ణయించేది పల్లెలోని రోగం కాదు, అక్కడివాళ్ళ సెలవులు. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలినవి వాటంతట అవే అర్థమౌతాయి.

తెలుగు నేల మీద మిషన్ వైద్యం మొదట్నించీ ఇట్లా లేదు. లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే చనిపోయారు. డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం పని మొదలుపెట్టారు. వీళ్ళు తెలుగు నేర్చుకున్నారు. రోగి మళ్ళీ వస్తే చూడటానికి అక్కడే ఉన్నారు. మిషన్ ఆస్పత్రుల్లో నర్సింగు నేర్చుకున్న మాల మాదిగ ఆడపిల్లలు జీతం తెచ్చే తొలి తరం అయ్యారు. పాత మిషన్లను మేము ఆకాశానికి ఎత్తడం లేదు. వాటికి వలస పాలన అండ ఉంది. బంగళాలో దొర, వరండాలో మనవాళ్ళు అనే అంతరం కూడా ఉంది. అయినా వాళ్ళు కాలాన్ని ఇచ్చారు. ఇప్పటి యాత్ర అన్నీ ఇస్తుంది, కాలాన్ని మాత్రం ఇవ్వదు.

ఒంగోలు అనుభవం కూడా గుర్తుచేసుకోవాలి. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాక చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవాన్ని నడిపించింది ఆయనలాంటి మాదిగ పెద్దలే. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకుండా ఆ సాయం జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపామని ఆయనే రాసుకున్నారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాయానికీ మతానికీ మధ్య గీత గీయాలని ఆనాడే ఒక మిషనరీకి తెలిసింది. మరి బిళ్ళల బల్ల పక్కనే ప్రార్థన బల్ల వేసేవాళ్ళకు ఇప్పుడు ఎందుకు తెలియదు?

అయినా జనం ఎందుకు పోతున్నారు? ఉచితం గనుక అంటే సగమే నిజం. ‘ఆ దొరసాని నా కాలు చేత్తో పట్టుకుని పుండు కడిగింది’ అని ఒక కూలీ మాకు చెప్పాడు. మందు గురించి ఆయన మాట్లాడలేదు, చెయ్యి గురించే మాట్లాడాడు. నాడి పట్టకుండా దూరం నుంచే చీటీ రాసిచ్చే వైద్యాన్ని ఎరిగినవాళ్ళకు ఆ స్పర్శ చిన్న విషయం కాదు. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ నర్సు విమానం ఎక్కాక పుండు కట్టు మార్చేదెవరు? మన ఆరోగ్య కేంద్రంలో మన ఒంటిని ముట్టుకుని చూడాలని అడిగే పోరాటానికి ఈ స్పర్శ బలమివ్వాలి. అడగనక్కర్లేదు అనిపించేట్టు చేయకూడదు.

వైద్యపరంగా చూస్తే వారం రోజుల్లో అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. దగ్గరి చూపు ఆననివాళ్ళకు కళ్ళజోడు, కడుపులో నులిపురుగులకు ఒక్క డోసు ఆల్బెండజోల్, పంటి పీకుడు, రోగాన్ని ముందుగా పసిగట్టి ఆస్పత్రికి పంపడం. కానివి ఇంకా ఎక్కువ. బీపీ, షుగరు బిళ్ళలు రోజూ వాడాలి, మధ్యలో పరీక్షలు చేయించాలి. మామూలు క్షయకే కనీసం ఆరు నెలల మందు కావాలి, సగంలో ఆపితే రోగం మందులకు లొంగకుండా తయారవుతుంది. మందులను దానం చేసేవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే నియమాలు రాసింది. దేశంలోకి వచ్చేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. ఇంకొకరికి ఇచ్చి వెనక్కు తీసుకున్న మందులు, ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదు. విదేశీ డాక్టరు ఇక్కడ వైద్యం చేయాలంటే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి. టూరిస్టు వీసా దానికి చాలదు. ఏదైనా తేడా వస్తే వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది పల్లె పాస్టరే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఫోటోలో ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ఎస్.సి. హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను మాత్రం బయటే నిలబెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళకు బి.సి.-సి కింద దక్కేది 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పాస్టరుగా ఉన్న ఒక వ్యక్తికి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆయన పెట్టిన కేసు కొట్టేసింది. ఇట్లాంటి చోట మోకాళ్ళూని ప్రార్థిస్తున్న ఒక పల్లె పిల్ల ఫోటో ఊరి పేరుతో సహా లోకమంతా తిరిగితే ఏమవుతుంది? ఆమె సర్టిఫికెట్టు మీద ఎవరైనా ఫిర్యాదు పెట్టవచ్చు. సీటు పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు. ఫోటో తీసినవాళ్ళకు అది జ్ఞాపకం. ఆమెకు అది సాక్ష్యంగా మారుతుంది. మతం మారినా కులం వదలని ఊళ్ళో, కులం ఉన్నా హోదా ఇవ్వని చట్టం కింద ఆమె బతుకుతోందని వాళ్ళకు చెప్పేవాళ్ళెవరు?

మెక్సికోలో సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ విద్యార్థులతో ఇవాన్ ఇలిచ్ 1968లో ముఖం మీదే మాట్లాడాడు. మేలు చేద్దామని రావద్దనీ, చూడటానికీ నేర్చుకోవడానికీ అయితే రమ్మనీ ఆయన చెప్పిన మాటల సారం. మేము అంత దూరం పోవడం లేదు. వచ్చే చేతులను కాదనేంత కలిమి మన పల్లెలకు లేదు. అయితే షరతులు పెట్టే హక్కు తీసుకునేవాళ్ళకూ ఉంటుంది.

మా దృష్టిలో ఆ షరతులు ఇవి. ఏ జబ్బులు చూడాలో పల్లె ముందుగా చెప్పాలి. ప్రతి రోగికీ ఏం జబ్బో, ఏం మందో తెలుగులో రాసిన చీటీ ఇవ్వాలి. ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఆశా కార్యకర్తకూ చేరాలి. రోజూ వాడాల్సిన మందు మొదలుపెడితే తర్వాత ఎక్కడ దొరుకుతుందో చెప్పి మరీ మొదలుపెట్టాలి. ప్రార్థనకు రానివాళ్ళకూ అదే వరుసలో అదే మందు అందాలి. అడగకుండా ఫోటో తీయకూడదు, ఊరి పేరుతో అచ్చు వేయకూడదు. టికెట్ల డబ్బులో ఒక వంతైనా మన పల్లె ఆడపిల్ల నర్సింగు చదువుకు మళ్ళించాలి. ఆమె పది రోజులకు తిరుగు విమానం ఎక్కదు.

ఇవి ఒప్పుకునేవాళ్ళు రావచ్చు. ఒప్పుకోనివాళ్ళతో పల్లె పెద్దలు మొహమాటపడనక్కర్లేదు. షామియానా వేసే ముందే ఆ ముసలమ్మ ప్రశ్న వాళ్ళను అడగాలి: బిళ్ళలు అయిపోతే ఎవురి దగ్గరికి పోవాల?