బిడ్డ ఇద్దరిదీ, ఖాతా ఒక్కరిదే

తల్లి వడమాలపేటలో, తండ్రి పుత్తూరులో ఉంటారనుకుందాం. కాపురం నిలవలేదు గానీ పిల్లవాడి విషయంలో పేచీ లేదు. సగం రోజులు ఇక్కడ, సగం రోజులు అక్కడ. బిడ్డ కోసం ఇంతగా సర్దుకున్న వాళ్ళకు కూడా ‘తల్లికి వందనం’ డబ్బు దగ్గర మాట పట్టింపు వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో మొదలైన ఈ పథకం కింద ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఒక్కో బిడ్డకు ఏటా 15,000 రూపాయలు. బడి నిర్వహణకు 2,000 పోను, 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. తల్లి లేకపోతేనే తండ్రికో, సంరక్షకులకో. ఇద్దరూ సమానంగా పెంచుతున్నారని చెరిసగం వేసే పద్ధతి లేదు. బియ్యం కార్డు సంగతీ అంతే, బిడ్డ పేరు ఒక్క కార్డులోనే ఉంటుంది.

అసలు చిక్కు ఊరి సచివాలయంలో. అక్కడ అర్హత తేల్చేది కుటుంబాన్ని బట్టి. ఎవరి దారి వారిదైనా అక్కడి కుటుంబాల నమోదు (మ్యాపింగ్)లో ఇంకా ఒకే కుటుంబంగా కనిపిస్తుంటే, భర్త పేరున ఉన్న కారు, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం ఆమెకు అడ్డొస్తాయి. ఇంకొకటి, డబ్బు పడేది ఆధార్‌కు లింకైన ఖాతాలోనే. అది కాపురం ఉన్నప్పటి పాత ఖాతా అయి, దాని ఏటీఎం కార్డు భర్త దగ్గరే ఉండిపోతే? ముందు బ్యాంకుకు వెళ్ళి ఆ లింకు మార్పించుకోవాలి.

బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకూ ఈ తంటా తప్పదు. అక్కడ ఒక బిడ్డకు ప్రభుత్వమిచ్చే భత్యం, చైల్డ్ బెనిఫిట్, ఒక్కరికే, ఇద్దరూ తేల్చుకోలేకపోతే పన్నుల శాఖే తేలుస్తుంది. కెనడా నయం. బిడ్డ ఇద్దరి దగ్గరా నూటికి 40 నుంచి 60 పాళ్ళ కాలం ఉంటే, ఎవరి ఆదాయాన్ని బట్టి వారికి రావాల్సిన పిల్లల భత్యంలో సగం ఇస్తారు.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు కాబట్టి కాగితమే దిక్కు. పరస్పర అంగీకార విడాకులకు వెళ్ళేటప్పుడే బిడ్డ పేరు ఎవరి కార్డులో ఉండాలో, పథకం డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో, మిగతా ఫీజు ఎవరెంత కట్టాలో ఒప్పందంలో రాయించుకోవాలి. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల పోషణ, చదువుపై కోర్టు ఉత్తర్వు ఇవ్వగలదు. ఆ 13,000లో సగానికి తండ్రి పట్టుబట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. దాన్ని తల్లి చేతిలోనే ఉంచి పుస్తకాలకు, ఆటో కిరాయికి వాడమని రాయించుకుంటే చాలు.

వకీలుకు ఇచ్చుకోలేమని ఆగిపోకండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు, పిల్లలకు న్యాయసహాయం ఉచితం. 15100కు ఫోన్ చేయండి.