35 మంది పిల్లలు, 45 నిమిషాలు

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలి. పీరియడ్ 45 నిమిషాలనుకుందాం. టీచరు పెదవి విప్పకపోయినా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే ఒక్కొక్కరికి దక్కేది 77 సెకన్లు. ఐదుగురేసి ఏడు జట్లుగా కూర్చోబెడితే అదే పీరియడ్‌లో తలా 9 నిమిషాలు. సగం సమయం టీచరే తీసుకున్నా నాలుగు నిమిషాలకు పైనే మిగులుతుంది.

పిల్లలే చేసి, మాట్లాడి నేర్చుకోవాలన్న ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుకు చేతిపనిని జోడించింది. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు చెప్పింది. చేసి నేర్చుకోవడం, ఊరి పరిసరాలనే పాఠానికి వాడుకోవడం వాటిలో ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ కూడా కృత్యాలు, అన్వేషణ ద్వారానే చదువు సాగాలంటుంది.

దివిసీమలో పాఠానికి సరుకు గుమ్మంలోనే ఉంది. నాగాయలంక బడిలో ఒక జట్టు కాలవ నీళ్లు, ఇంకో జట్టు బోరు నీళ్లు అర లీటరు చొప్పున తెచ్చి వెడల్పాటి పళ్లేల్లో ఎండబెట్టాలి. అడుగున మిగిలిన తెల్లటి పొడిని తూచాలి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి; మన బోరు దానికెంత దూరంలో ఉంది? పళ్లెంలో మిగిలిందంతా ఉప్పేనా, సున్నం కూడా ఉందా? కాలవ కట్టేసిన నెలల్లో బరువు పెరుగుతుందా? మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు, మళ్లీ తూచాల్సిందే. నాకు అన్నిటికన్నా విలువైన ప్రశ్న అదే. బందరు పిల్లలైతే సముద్రపు పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఎందుకు ఆలస్యమవుతుందో గమనించవచ్చు. గుడివాడ పిల్లలు చేపల చెరువుల్లో తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో రైతునే అడగవచ్చు.

ప్రశ్న వేశాక ఆగడం కూడా బోధనలో భాగమే. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతులు పరిశీలిస్తే, టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది.

ఇలా చెబితే సిలబస్ అవదని టీచర్ల భయం. అది న్యాయమైన భయమే, కాబట్టి లెక్క చూద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం చెప్పింది ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు. ఆరు రోజుల వారాలైతే దాదాపు 37 వారాలు. వారానికి ఒక్క పీరియడ్ ఇలా కేటాయిస్తే మొత్తం 28 గంటల లోపే. వెయ్యిలో మూడు శాతం కూడా కాదు.