పటానికి అందని ఏరు, దారి తెలిసిన పుట్టి

పడవ పోటీ అనగానే బాణంలా దూసుకుపోయే పొడవాటి పడవలు, ఒడ్డున ఈలలు గుర్తుకొస్తాయి. పడవ ఓరియంటీరింగ్ తీరు వేరు. పోటీదారు చేతికి ఒక పటం, దిక్సూచి ఇస్తారు. లంకల మీద, గట్టు మలుపుల్లో, రాళ్ళ చాటున నారింజ, తెలుపు రంగుల గుర్తులు కట్టి ఉంచుతారు. వాటన్నింటినీ చేరి తక్కువ సమయంలో తిరిగొచ్చినవాళ్ళదే గెలుపు. ఏ పాయ పట్టాలి, ఎక్కడ పడవను భుజానికెత్తుకుని నేలమీద నడవాలి అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. 1897లో నార్వేలో ప్రజల కోసం మొదటిసారి నేలమీద జరిగిన ఓరియంటీరింగ్ తర్వాత నీళ్ళలోకీ దిగింది. కండబలం ఒక్కటే సరిపోని ఈ ఆటకు బళ్ళారి సరిహద్దులో పారే తుంగభద్ర అన్ని విధాలా తగిన ఏరు. ఆ పోటీ మాత్రం బయటినుంచి తెచ్చిన కయాకుల్లో కాక మన పుట్టిలో జరగాలి.

కన్నడిగులు హరిగోలు అనే ఈ పుట్టి కథ పాతది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బుట్టల్లాంటి గుండ్రని పడవల్లో జనం ఏరు దాటడం గురించి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు, ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది. ఆ పడవలు తిన్నగా పోలేక గిరగిరా తిరుగుతూ సాగుతాయన్నది కూడా ఆయన కంటపడింది. ఇప్పుడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పట్టా, దానిమీద తారు పూత వచ్చాయి. అల్లిక వెదురు దబ్బలది. తోలేవాడు తెడ్డును ముందుకు చాచి నీటిని తన వైపు లాగుతూ, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మారుస్తాడు. ఆ మార్పు ఒక్క క్షణం ఆలస్యమైతే పుట్టి తిరిగిపోతుంది. అడుగు చదును కాబట్టి మోకాటి లోతు నీళ్ళున్నా చాలు. గట్టెక్కాక బోర్లించి నెత్తిన పెట్టుకుంటే దూరంనుంచి తాబేలు నడిచి వస్తున్నట్టుంటుంది.

తిన్నగా పోని పడవతో పందెమేమిటని ఎవరైనా అడగొచ్చు. గీత నుంచి గీతకు వేగంగా పోవడమే పందెమైతే ఆ మాట నిజం. ఇక్కడ పరీక్ష దారి ఎంపికకు. తుంగభద్రలో పటం ఉదయం చెప్పింది సాయంత్రానికి అబద్ధం కావచ్చు. హోస్పేట దగ్గర 33 గేట్లున్న డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి కింది ఏరు రూపు మారుతుంది. నీళ్ళు తగ్గితే పాయ ఇసుకమేటలో ముగిసిపోతుంది, పెరిగితే లంక రెండు ముక్కలవుతుంది. పైగా విజయనగర రాజుల నాటి ఆనకట్టలు ఏటికి అడ్డంగా ఇంకా నిలిచి ఉన్నాయి. సిరుగుప్ప, దేశనూరు కాలువలకు నీళ్ళు వాటినుంచే. వాటిని దాటాలంటే పడవ దిగి మోయక తప్పదు. ఆటగాళ్ళ కోసం ఎక్కడో కృత్రిమంగా కల్పించే చిక్కుల్ని ఈ ఏరు అయిదు వందల ఏళ్ళ కిందటే అమర్చి పెట్టింది. నీటి పైపొరలోని చిన్న ముడత చూసి కింద బండ ఉందని చెప్పగలిగే మనిషికే ఇక్కడ దారి దొరుకుతుంది. ఆ మనిషి రేవుల్లో తరాలుగా పుట్టి తోలుతున్న కుటుంబాల్లో ఉన్నాడు.

ప్రమాదం మాటేమిటి? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్ళన్నీ హడలిపోయాయి. గేట్లెత్తి భారీగా నీరు వదిలితే కంప్లి వంతెన మునిగి గంగావతి వైపు రాకపోకలు ఆగిపోవడం ఈ జిల్లా వాళ్ళకు తెలిసిందే. అందుకే పోటీ వానాకాలంలో పెట్టకూడదు. వరద తగ్గాక, నీటి విడుదల ముందే తెలిసే రోజుల్లో, డ్యామ్ అధికారులతో మాట్లాడుకుని పెట్టాలి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ప్రతి సుడి దగ్గరా ఒక రక్షక పుట్టి నిలవాలి.

నీటికుక్కల సంగతి ఇంకా ముఖ్యం. ముద్లాపుర నుంచి కంప్లి వంతెన దాకా 34 కిలోమీటర్ల ఏటిని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఆ మేర జోలికి పోవడం తప్పు. హంపిలో జరిగితే ఫొటోలు బాగా వస్తాయన్న ఆశను కూడా వదులుకోవాలి. పర్యాటకుల ఒత్తిడి అక్కడ ఇప్పటికే చాలు. కంప్లి వంతెన దిగువ నుంచి సిరుగుప్ప వైపు వెళ్తే అది బళ్ళారి జిల్లా ఒడ్డు. కిందికి సాగితే మంత్రాలయం దగ్గర ఆంధ్ర తగులుతుంది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. రాష్ట్రాలు వేరైనా ఏరు ఒక్కటే.

వంతెనలు వచ్చాక పుట్టి ఎందుకని కొందరు అంటారు. వంతెనలు రావాలి. ఆసుపత్రికి పోవాల్సిన గర్భిణిని, బడికి పోయే పిల్లల్ని తెడ్డు మీద ఆధారపడమనడం అన్యాయం. అయితే రేవు మూతబడినప్పుడు ఉపాధితో పాటు ఏటి లోతుల లెక్క, మడుగుల పేర్లు కూడా పోతాయి. వాటిని ఎవరూ రాసిపెట్టరు. ఓరియంటీరింగ్ పోటీకి ముందు తప్పనిసరిగా చేయాల్సిన పని వివరమైన పటం గీయడం. ఆ పటం కోసం సర్వేయరు పక్కన పుట్టి తోలేవాణ్ణి కూర్చోబెట్టి, అతనికి కూలి ఇచ్చి, ప్రతి మడుగునూ అతను పిలిచే పేరుతోనే రాయించాలి. కప్పు ఎవరు గెలుచుకున్నా ఆ పటం ఊళ్ళ దగ్గర మిగులుతుంది.

జిల్లా యంత్రాంగానికి, క్రీడాశాఖకు విన్నపం ఒకటే. రాబోయే చలికాలంలో కంప్లి దిగువన ముందు ఆ పటం పని మొదలుపెట్టండి. దాన్ని కన్నడంలో, తెలుగులో రెండింటా అచ్చు వేయండి.