విదేశాల్లో లా చదువు: పర్సనల్ స్టేట్‌మెంట్‌లో కుటుంబ కష్టాలు చెప్పాలా?

దక్షిణ దిల్లీలోని కటవారియా సరాయ్, ఐఐటీకి, జేఎన్‌యూకి సమీపంలో ఉన్న పట్టణ గ్రామం. అక్కడి అద్దె గదుల్లో ఉంటూ గేట్, ఇంజినీరింగ్ సర్వీసెస్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యే వారిలో తెలుగు విద్యార్థులూ ఉంటారు. ప్రశ్నకు సరైన జవాబు గుర్తించడమే అక్కడి శిక్షణ.

విదేశాల్లో న్యాయశాస్త్రం చదవదలచిన వారికి ఆ శిక్షణ ఒక్కటే చాలదు. 'ఈ చదువు మీకెందుకు?' అని విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. దానికి రాసే సమాధానమే పర్సనల్ స్టేట్‌మెంట్.

మన దగ్గర లేని ప్రశ్న

క్లాట్, లాసెట్ వంటి పరీక్షల్లో ర్యాంకును బట్టి సీటు వస్తుంది; అభ్యర్థి ఉద్దేశాన్ని ఎవరూ అడగరు. బ్రిటన్, అమెరికాల్లో మార్కులతో పాటు ఈ వ్యాసాన్నీ చదివి నిర్ణయిస్తారు.

బ్రిటన్‌లో డిగ్రీ కోర్సులకు యూకాస్ ద్వారా దరఖాస్తు చేయాలి. 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసానికి బదులు మూడు ప్రశ్నలు ఇస్తున్నారు. ఈ కోర్సు ఎందుకు? ఇప్పటివరకు చదివినది దీనికి ఎలా ఉపకరించింది? తరగతి గది బయట ఏం చేశారు? మొత్తం ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలు మించరాదు. ఒక్కో జవాబుకు కనీసం 350 ఉండాలి. ఎల్ఎల్ఎం వ్యాసం నిడివిని మాత్రం ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది.

కష్టం ఒక్కటే చాలదు

పేద కుటుంబాల విద్యార్థులు కొందరు తమ నేపథ్యాన్ని దాచుకుంటారు. మరికొందరు దానితోనే పేజీ నింపుతారు. రెండూ నష్టమే.

ఉదాహరణకు, తెలంగాణలో ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు పడి, దాన్ని సరిచేయించుకోలేక ఏళ్ల తరబడి తిరిగారనుకుందాం. 'ఆ అన్యాయం చూసి లాయర్ కావాలనుకున్నాను' అని ఆయన బిడ్డ రాస్తే అది సానుభూతి దగ్గరే ఆగిపోతుంది. 2020 నాటి చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసిందని, 2025 భూభారతి చట్టం అప్పీలుకు చోటిచ్చిందని చదివి తెలుసుకొని, ఆ మార్పు రైతుకు ఎంతవరకు ఉపయోగపడుతుందో చర్చిస్తే అక్కడ న్యాయ విద్యార్థి కనిపిస్తాడు.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించే విధానాలను కొట్టివేసింది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వివరిస్తే, అందులో వెల్లడయ్యే ధైర్యాన్ని, సామర్థ్యాన్ని చూడవచ్చని పేర్కొంది. అంటే అనుభవం నుంచి అభ్యర్థి ఏం సాధించారన్నదే ముఖ్యం.

ఈ తప్పులు వద్దు

• ప్రముఖుల సూక్తులతో మొదలుపెట్టవద్దు. ఉన్న కొద్ది స్థలం మీ మాటలకే కావాలి.

• ఇంటర్న్‌షిప్‌లో చూసిన కేసుల గురించి రాసేటప్పుడు కక్షిదారుల పేర్లు, రహస్య వివరాలు బయటపెట్టవద్దు. గోప్యత పాటించడం న్యాయవాది ప్రాథమిక ధర్మం.

• స్నేహితుల వ్యాసాలను, కన్సల్టెన్సీలు అమ్మే నమూనాలను మార్చి వాడుకోవద్దు. యూకాస్ ప్రతి వ్యాసాన్నీ ఇతర వ్యాసాలతో పోల్చి చూస్తుంది. పోలికలు ఎక్కువగా ఉంటే ఆ సంగతి విశ్వవిద్యాలయాలకు తెలుపుతుంది.

• ఇంగ్లిష్ తప్పులు మరొకరి చేత దిద్దించుకోవచ్చు. కానీ అందులోని కారణం మాత్రం మీదే కావాలి.