ఎల్ల దాటిన ఉద్యోగం – వెంట వచ్చే హక్కులు

మరైగూడ ఒక చిన్న వనగ్రామం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, పూర్వపు బస్తర్ జిల్లా దక్షిణ కొసన, నేటి సుక్మా జిల్లా కోంటా తహసీలులో వున్నది. దొర్లలు, కోయలు, మురియాలు నివసించే ప్రాంతమిది. కార్యాలయ భాష హిందీ. సంతలో బేరం మాత్రం తరచు తెలుగులోనే సాగుతుంది. ఎల్లకు ఇవతల భద్రాచలం, సారపాక కాగితపు మిల్లు, పాల్వంచ విద్యుత్కేంద్రం, కొత్తగూడెం బొగ్గు గనులు వున్నాయి. కనుక అక్కడి యువకునికి పని పిలుపు వచ్చినదంటే, అది తరచు వేరొక రాష్ట్రం నుండి వచ్చిన పిలుపే అవుతుంది.

ఈ ఎల్ల కూడా స్థిరంగా వున్నది కాదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో వుండి, ఆ యేట మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ అయినాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో తెలంగాణ ఏర్పడినపుడు చింతూరు, కూనవరం మొదలైన మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన కుటుంబాలు అక్కడ వేలకొలది వున్నవి!

ఉద్యోగం కొరకు మరొక రాష్ట్రానికి తరలిపోవలెనా, వద్దా అని ఆలోచించే వ్యక్తి సాధారణంగా జీతం, ఇంటి అద్దె, తల్లిదండ్రుల సంరక్షణ – వీటిని లెక్కిస్తాడు. అవి లెక్కించవలసినవే. కాని మరొక ప్రశ్న కూడా వున్నది: నాతోపాటు నా హక్కులలో ఏవేవి ఎల్ల దాటుతాయి?

దేశమంతటా సంచరించడానికి, ఎక్కడనైనా స్థిరపడడానికి, నచ్చిన వృత్తి చేపట్టడానికి రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ స్వేచ్ఛ నిచ్చింది. షెడ్యూల్డు తెగల ప్రయోజనాలను కాపాడడానికి సంచార, నివాస స్వేచ్ఛలపై సమంజసమైన పరిమితులు విధించవచ్చునని కూడా ఆ అధికరణమే చెబుతున్నది. వోటు హక్కు నివాసంతోపాటు మారుతుంది. రేషన్ కార్డు ఒక రాష్ట్రానిదైనా బియ్యం మరొక రాష్ట్రంలో తీసుకొనే ఏర్పాటు 2022 నాటికి దేశమంతటా అమలులోకి వచ్చింది.

ఎల్ల దగ్గర ఆగిపోయేది తెగ గుర్తింపు. 342వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి షెడ్యూల్డు తెగల జాబితాను ఆయా రాష్ట్రాలకు సంబంధించినంత వరకే ప్రకటిస్తారు. ఈ మాటల బరువు ఒక తెలుగు కుటుంబానికి అనుభవంలోకి వచ్చింది. తెనాలిలో జన్మించిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన వర్గానికి చెందినవాడు. తండ్రికి కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఎరువుల సంస్థలో ఉద్యోగం లభించగా, ఆయన బాల్యంలోనే బొంబాయి చేరి అక్కడే చదువుకున్నాడు. వైద్య కళాశాలలో తెగల కోటా క్రింద సీటు కోరగా, మహారాష్ట్రలో ఆ గుర్తింపు చెల్లదన్నారు. వ్యాజ్యం సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం వరకు వెళ్లింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగకు చెందినవాడు మరొక రాష్ట్రానికి వలస వెళ్లినపుడు ఆ హోదాను అక్కడకు తీసుకొని పోలేడని 1990 మే 2న ధర్మాసనం తీర్పు చెప్పింది. వెనుకబాటుతనం ప్రాంతాన్ని బట్టి వుంటుందనీ, వచ్చినవారికి కూడా పంచితే స్థానిక తెగల వాటా తగ్గుతుందనీ దీని వెనుక నున్న తర్కం. అది కాదనలేనిదే. అయినా, ఉద్యోగం తండ్రిది, నష్టం కొడుకుది అన్న సంగతి మనస్సును కలచివేయక మానదు. 2018లో మరొక రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్నే తిరిగి ధ్రువపరచింది.

మరైగూడకు ఈ తీర్పు అతి సన్నిహితమైనది. ఛత్తీస్‌గఢ్ జాబితాలో కోయ, దొర్ల, మురియా పేర్లు గోండుల వర్గం క్రింద వున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జాబితాలలో కోయలు వున్నారు. మురియాల పేరు లేదు. పేరు రెండు వైపులా వున్నవారికైనా కోంటాలో ఇచ్చిన పత్రం భద్రాచలంలో రాష్ట్ర ప్రభుత్వ రాయితీలకు పనికిరాదు. భూమి సంగతీ ఇంతే. తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డు ప్రాంతాలలో 1/70 నిబంధన ప్రకారం భూమిని గిరిజనులకు మాత్రమే బదిలీ చేయవచ్చు. కొనుగోలుదారు ఏ రాష్ట్రపు గిరిజనుడన్న ప్రశ్న అక్కడ మళ్లీ లేస్తుంది.

అందరూ ఆలోచించుకొనే తీరికతో రాలేదన్నది కూడా గుర్తించాలి. 2005లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత హింసకు భయపడి వేలాది మంది గోదావరి ప్రాంతపు అడవులకు తరలివచ్చారు. ఇక్కడివారు వారిని గొత్తికోయలన్నారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు పూర్వమే సాగులో వున్న భూమికే పట్టా నిస్తుంది. ఆ తేదీ తరువాత వచ్చి పోడు కొట్టినవారికి ఇక్కడ ఆధారం లేదు; వదలి వచ్చిన భూమి అక్కడ బీడైపోయింది.

కూలికి వచ్చేవారి స్థితి వేరు. మిరపకాయ కోతలకు ముఠాలుగా వచ్చి, పని ముగియగానే ఇప్పపువ్వు, తునికాకు సేకరణకు ఊరు చేరుతారు. వీరు అక్కడి హక్కు వదులుకోరు. మేస్త్రీల ద్వారా ఇట్లా తరలించే కూలీలకు ప్రయాణపు ఖర్చు, స్థానచలన భత్యం ఇవ్వాలని పార్లమెంటు 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. ఆ చట్టం క్రింద స్థానచలన భత్యం నెల వేతనంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అదిగా వుండేది. 2020లో ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి, స్వయంగా వచ్చి పనిలో చేరినవారిని కూడా వలస కార్మికుల నిర్వచనంలో చేర్చింది. ముఠాలో ఎవరి పేరూ ఏ పుస్తకంలోనూ లేనపుడు భత్యం ఎవరు అడగగలరు? పేరు నమోదు చేయించుకోవడమే మొదటి పని.

నెల జీతంపై పిలుపు అందుకొని కుటుంబంతో కదలేవారు ఒక విశేషాన్ని గమనించాలి. తెగ హోదా నివాసంతో రాదు గాని, స్థానికత చదువుతో వస్తుంది. తెలంగాణకు సంబంధించిన 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ఒకటి నుండి ఏడవ తరగతి వరకు గల చదువులో కనీసం నాలుగేళ్లు ఏ ప్రాంతంలో సాగితే ఆ ప్రాంతానికి స్థానికుడు. నేరుగా జరిపే నియామకాలలో 95 శాతం అట్టివారికే. అనగా మరైగూడ నుండి వచ్చి భద్రాచలంలో చదివిన బాలుడు తెలంగాణలో స్థానికుడే, కాని అక్కడి షెడ్యూల్డు తెగవాడు కాడు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవాడే, కాని చదువు అక్కడ సాగలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం స్వరాష్ట్రపు గుర్తింపు చెల్లుతుంది. అందుచేత కోంటా తహసీలు నుండి తండ్రి పేరిట, పిల్లల పేరిట పత్రాలు తీసుకొన్న తరువాతనే బయలుదేరడం మంచిది. పిల్లవాడు అప్పటికి నాలుగవ తరగతి దాటి వుంటే, ఏడవ తరగతి లోపల నాలుగేళ్లు ఇక్కడ పూర్తి కావు. అటువంటి ఇంటి పెద్ద తాను ముందు వచ్చి, పిల్లవానిని ఊరి బడిలోనే వుంచడం గురించి కూడా యోచించవచ్చు.