డయాబ్లో 2: బొమ్మ మారింది, గడియారం మారలేదు

పాత వీడియో గేమ్‌కు రీమాస్టర్, అంటే కొత్త మెరుగులు దిద్దిన రూపం, వస్తోందంటే చూపులన్నీ ముందు బొమ్మల మీదికే పోతాయి. 2000 జూన్‌లో అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన రోల్ ప్లేయింగ్ గేమ్ 'డయాబ్లో 2' విషయంలోనూ అదే జరిగింది. అప్పట్లో పాత్రలను త్రీడీలో మలిచి, వాటిని ఒక్కో దిక్కు నుంచి చిన్న చిన్న బొమ్మలుగా తీసి తెర మీద వరసగా తిప్పేవారు. ఆ తెర 640 బై 480 చుక్కలది. మరుసటి ఏడు వచ్చిన విస్తరణతో 800 బై 600 అయింది. 2021 సెప్టెంబరులో వచ్చిన 'డయాబ్లో 2: రిసరెక్టెడ్'లో ప్రతి బొమ్మనూ కొత్తగా చేశారు. అయినా ఆ రీమాస్టర్ నిలబడింది బొమ్మల వల్ల కాదని నా వాదన. లోపలి గడియారాన్ని ముట్టుకోకపోవడం వల్లే అది నిలబడింది.

ఆ ఆటలోని లోకం సెకనుకు 25 సార్లే కదులుతుంది; ఒక్కో కదలిక ఒక ఫ్రేము, ఆ లెక్కే నేనన్న గడియారం. దెబ్బ తగిలిందా, మంత్రం పూర్తయిందా అన్నవన్నీ ఆ 25 ఫ్రేముల్లోనే తేలాలి. ఫ్రేమున్నర అనేది ఉండదు. సార్సరెస్ అనే మంత్రగత్తె పాత్రనే తీసుకోండి. చాలా మంత్రాలకు ఆమెకు మామూలుగా 13 ఫ్రేములు, అంటే 0.52 సెకను పడుతుంది. మంత్రవేగం పెంచే ఉంగరాలూ తాయెత్తులూ తొడిగితే ఆ సమయం తగ్గుతుంది, కానీ మెట్లు మెట్లుగా. వేగం 63 శాతం పెరిగితే 9 ఫ్రేములు. అక్కణ్నుంచి 104 దాకా ఎంత కూడబెట్టినా పిసరంత లాభం కూడా ఉండదు. 105 కాగానే 8 ఫ్రేములు. ఆ ఒక్క శాతం కోసం ఒంటి మీది సరంజామా అంతా మార్చుకునేవాళ్లున్నారు. ఈ మెట్లను ఆటగాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించి పట్టికలు కట్టుకున్నారు. నవీకరణ పేరుతో ఆ 25ను 60 చేసి ఉంటే మెట్లన్నీ చోటు మారేవి, పట్టికలన్నీ చిత్తుకాగితాలయ్యేవి.

రీమాస్టర్ చేసిన వికేరియస్ విజన్స్ బృందం పాత ఇంజిన్‌ను కింద అలాగే నడవనిచ్చి, దాని మీద కొత్త చిత్రాల పొర వేసింది. కంప్యూటర్లో 'జి' మీట నొక్కితే ఆ పొర తప్పుకుంటుంది. అదే రాక్షసుడు, అదే చోట, పాత రూపంలో కనిపిస్తాడు. పై పొర కదలికను ఎంత నునుపుగా చూపినా, దెబ్బ తగిలిందో లేదో తేల్చేది పాత ఇంజినే. 2020 జనవరిలో ఇదే బ్లిజార్డ్ సంస్థ తెచ్చిన 'వార్‌క్రాఫ్ట్ 3: రీఫోర్జ్డ్' దారి వేరు. రీమాస్టర్ కొననివాళ్ల దగ్గర కూడా పాత ప్రోగ్రాము స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంది; ర్యాంకుల పోటీ, క్లాన్లు అనే ఆటగాళ్ల జట్లు మొదట్లో లేనే లేవు. చివరకు అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చారు.

పాత కోడ్‌ను పట్టుకుని వేలాడితే కొత్త తిప్పలు రావా అని అడగొచ్చు. వచ్చాయి. 2021 అక్టోబరులో సర్వర్లు పదే పదే పడిపోయాయి. అందుకు కారణాల్లో పాత కోడ్ ఒకటని సంస్థే చెప్పింది. ఇప్పటి ఆటగాళ్లు ఇంటర్నెట్‌లో కిటుకులు చదివి వస్తారు, వస్తువుల కోసం చిన్న చిన్న ఆటలు తెరుస్తూ మూస్తూ పోతారు; ఆ రద్దీ పాత ఏర్పాటుకు మించిన బరువు. అయితే ఇది నా వాదనను కొట్టెయ్యదు. సర్వరు ఆటను మోసే బండి మాత్రమే, దాన్ని మార్చినా మెట్లు కదలవు. లోపాలను కూడా భద్రపరచాలా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. బలహీనమైన విద్యలకు బలం పెంచడం తప్పేమీ కాదు, 2022 ఏప్రిల్‌లో ఆ పని చేశారు కూడా. గడియారాన్ని కదపకుండానే చేశారు.

నాకు మింగుడుపడనిది మరొకటి. సంస్థ సర్వర్లతో పని లేకుండా ఆటగాళ్ల కంప్యూటర్లను నేరుగా కలిపే టీసీపీ ఐపీ సౌకర్యాన్ని రీమాస్టర్‌లో భద్రత పేరుతో తీసేశారు. ఇంటర్నెట్ లేని గదిలో రెండు కంప్యూటర్లు కలిపి ఆడాలంటే ఈనాటికీ 2000 నాటి డయాబ్లో 2నే ఎక్కించుకోవాలి.