మాంసాహారమున ఆడువారి వంతు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు కృష్ణా జిల్లా మెట్టసీమగా పేరొందినవి. 2022వ సంవత్సరము నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. ప్రత్తి, మిరప ఇచ్చటి ముఖ్యమైన పైరులు. ప్రత్తి తీత, మిరపకాయల కోత చాలవరకు స్త్రీల చేతులమీదుగనే జరుగుచున్నవి. దినమంతయు ఎండలో వంగి పనిచేయు ఈ స్త్రీల ఒంట చాలినంత రక్తమున్నదా? ఇది పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన ప్రశ్న.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. ఆ వయస్సు పురుషులలో ఈ లోపము నూటికి 16 మందికే యున్నది. ఇందుకు నెలసరి, వెంటవెంట కాన్పులు, నులిపురుగులు కారణములు. తిండిలోని లోటును ఒక కారణమే. దేశమంతటి లెక్క చూడగా, చేపలు గాని, కోడి గాని, మాంసము గాని వారమున కొకసారియైనను తినువారు పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో 45 మంది మాత్రమే యని ఆ సర్వేయే తెలుపుచున్నది.

ఈ వ్యత్యాసము పుట్టుకతో వచ్చినది కాదు. పసితనమున అన్నాచెల్లెండ్రు ఒకే కంచములో తిందురు. ఆడపిల్ల ఈడేరునప్పటికి ఆమె వడ్డించుదానిగా మారును. మాంసము వండిన దినమున పలు ఇండ్లలో పురుషులు, మగపిల్లలు ముందు తిందురు. ఆడపిల్లలు తరువాత, తల్లి అందరి వెనుక. ఆమెకు మిగులునది తరచుగా అడుగున నున్న పులుసే. వారములు, నోములు, కార్తీక నియమములు పాటించుటయు స్త్రీలలోనే హెచ్చు. వార్ధక్యమున పండ్లూడి పురుషుడును మాంసము తగ్గించును. కాని కొన్ని కులములలో భర్త పోయిన స్త్రీ దానిని బొత్తిగా మానవలసి వచ్చుచుండెడిది.

ఇక శరీరమున కెప్పుడు ఎంత కావలెనో చూతము. రక్తమునకు ఇనుము అవసరము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారము, 7-9 ఏండ్ల బాలబాలికలకు దినమునకు 15 మిల్లీగ్రాములు సమానముగనే చాలును. 13-15 ఏండ్లలో బాలునకు 22, బాలికకు 30 కావలెను. పెరిగిన పురుషునకు 19, స్త్రీకి 29. నెలసరి ఆగిన పిదపనే స్త్రీ అవసరము తగ్గును. అనగా, ఆమెకు ఇనుము హెచ్చుగా కావలసిన ఏండ్లలోనే ఆమె వంతు తగ్గుచున్నది!

మాంసము, చేపలలోని ఇనుము కొంత సులభముగా వంటబట్టును. ఆకుకూరలు, పప్పులలోని ఇనుము అంత తేలికగా పట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటివి తోడైన యెడల మేలుగా పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగిన ఆ మేలు తగ్గును. గ్రుడ్డు శరీరపుష్టికి మంచిదే గాని, ఇనుము విషయమున మాంసమునకు బదులు కాజాలదు. మాంసము ముట్టనివారిని నిర్బంధింపనక్కరలేదు. వారికి పప్పు, తోటకూర, మునగాకు, పుల్లని పండ్లు, వైద్యులు చెప్పిన మాత్రలు ఉండనే యున్నవి.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు సంక్షేమము, ఆరోగ్యము, కోళ్ళ పెంపకము పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా చేర్చబడినవి. కావున సభ్యులు కొన్ని పనులు చేయవచ్చును. గర్భిణులకు, బాలెంతలకు అంగన్వాడీ నుండి వచ్చు గ్రుడ్లు ఇంటిల్లిపాది పంచుకొనక వారే తినునట్లు చెప్పవలెను. 2018లో ఆరంభమైన రక్తహీనతా నివారణ కార్యక్రమము ప్రకారము, 10 మొదలు 19 ఏండ్ల వారికి వారమున కొక ఇనుము మాత్ర ఈయవలెను. అది బడిలో అందుచున్నదా, పిల్లలు మ్రింగుచున్నారా యని విచారింపవలెను. పొదుపు సంఘముల స్త్రీలు పెరటి కోళ్ళు పెంచుటకు తోడ్పడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పైసా ఖర్చు లేని పని. మాంసము హెచ్చుగా కొననక్కరలేదు. కొన్నదానిని సమముగా పంచిన చాలును. ఇంటిల్లిపాదియు ఒక్కసారి కూర్చుండి తినుట, లేదా వడ్డనకు ముందే తల్లికి, కూతురికి వారి వంతు వేరుగా తీసియుంచుట మంచి పద్ధతి. గ్రామసభలో ఈ మాట చెప్పు సభ్యుడు మొదట తన యింటిలో దీనిని ఆచరణలో పెట్టవలెను. అప్పుడే ఊరు వినును.